వెనక లిఫ్టు

మనిషికి ఇల్లు ఎంత ఎత్తున దొరికితే తల అంత ఎత్తుకు లేస్తుంది. రోసెల్‌కి ముప్పై ఒకటో అంతస్తులో దొరికింది. మకాటీ నగరం నడిబొడ్డున, ఆఫీసుకు నడిచిపోయేంత దగ్గర్లో, అద్దాల మేడ. కింద లాబీలో పాలరాయి, పాలరాయి మీద రోజుకో రకం పూలు, తలుపు దగ్గర టోపీలు పెట్టుకుని "గుడ్ మార్నింగ్, మేడమ్" అనే గార్డులు. ఏడో అంతస్తులో ఈతకొలను. మొగుడు ఆర్విన్ సరుకు ఓడలో ఇంజనీరు, ఏడాదిలో ముప్పాతిక భాగం సముద్రం మీదే ఉంటాడు. కొత్తగా హోదా పెరిగింది కాబట్టి, ఇద్దరి సంపాదనలో సగం మింగేసే ఆ ఇంటికి సరేనన్నాడు. తాళాలు చేతికొచ్చిన రోజు రోసెల్ బాల్కనీలో నిలబడి ఫోటో తీసుకుంది. ఓడకు పంపింది, ఊరికి పంపింది, కాలేజీలో తనని చిన్నచూపు చూసిన నలుగురి కళ్ళలోనూ పడేలా ఫేస్‌బుక్కులో పెట్టింది. పెట్టుకోనివ్వండి, తప్పేముంది.

అద్దెకున్నవాళ్ళకి ఆ మేడ అసలు రుచి కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది. బాల్కనీలో గుడ్డ ఆరేయకూడదు. గోడకు మేకు కొట్టకూడదు. పొద్దున్న అన్నంలోకి ఎండుచేపలు వేయిస్తే, ముక్క నోట్లో పడేలోపే అడ్మిన్ ఆఫీసు నుంచి ఫోను, ఎవరో వాసనని ఫిర్యాదు చేశారని. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తిన్న ఎండుచేపని రోసెల్ ఒక్క ఫోనుతో మానేసింది. ఎండుచేపనే వదులుకున్న మనిషి ఇంకా దేన్ని వదులుకుంటుందో అని ఎవరైనా అప్పుడే భయపడి ఉండాల్సింది.

ఇంకో నియమం కార్డులది. ఇంటి ఓనర్లకీ అద్దెదార్లకీ నీలం కార్డు. అది మెడలో ఉంటే ముందు తలుపు, ముందు లిఫ్టులు, ఈతకొలను అన్నీ నీవే. పనివాళ్ళకీ డ్రైవర్లకీ పసుపు కార్డు. వాళ్ళు వెనక సందులోంచి రావాలి, సంచి విప్పి చూపించాలి, చెత్తబుట్టలూ సామాన్లూ ఎక్కే వెనక లిఫ్టులో పైకి పోవాలి. ఇలాంటి మేడలన్నిట్లో ఉన్న పద్ధతే కాబట్టి దాని గురించి ఎవరూ రెండోసారి ఆలోచించరు. రోసెల్ కూడా ఆలోచించలేదు.

ఐదేళ్ళ కూతురు బియాని చూసుకునే యాయా ఊళ్ళో తిరునాళ్ళని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఫోను నంబరు కూడా మార్చేసింది. యాయాలు మానేసేది అలాగే. ఆఫీసులో సెలవులు అయిపోయాయి, కొత్త మనిషి దొరకలేదు. గత్యంతరం లేక రోసెల్ తల్లికి ఫోను చేసింది.

తల్లి పేరు కొన్సొలాసియోన్, అందరూ సియోన్ అంటారు. మరిండూకే దీవిలో, బోయాక్ మునిసిపాలిటీ ఆఫీసు పక్కన ముప్పై ఏళ్ళు భోజన హోటలు నడిపింది. మధ్యాహ్నమైతే గుమాస్తాలూ మేస్త్రీలూ ఒకే వరసలో నిలబడాల్సిందే. ఎవడైనా తోసుకొస్తే ఆమె గరిటె ఆపేసి చూసేది, అంతే, వాడు తోక ముడిచేవాడు. మొగుడు పోయాక ఆ హోటలు మీదే రోసెల్‌ని చదివించింది. మొన్న మోకాలి నొప్పొచ్చి హోటలు మేనకోడలికి అప్పగించింది. కూతురు పిలవగానే, "నా మనవరాల్ని పరాయివాళ్ళ చేతిలో ఎందుకు పెడతాను, వస్తున్నా" అంది. ఆ మాటకి రోసెల్‌కి ప్రాణం లేచొచ్చింది.

చిక్కల్లా అద్దె ఒప్పందంలో ఉంది. అందులో ముగ్గురి పేర్లే ఉన్నాయి. నాలుగో మనిషి ఎవరైనా సరే, చుట్టంగా వస్తే రెండు వారాలు. అంతకుమించి ఉండాలంటే ఓనరు ఒప్పుకోవాలి. ఆ ఓనరు ఉండేది కెనడాలో. గీజరు పాడైతేనే నెలన్నర తర్వాత జవాబిచ్చిన మనిషి, ఇచ్చినప్పుడల్లా అద్దె పెంచే మాటెత్తే మనిషి. ఇల్లు చూపించిన బ్రోకరు దగ్గర రోసెల్ మొత్తుకుంది. అతను నవ్వేశాడు.

"దీనికింత బాధెందుకు మేడమ్? మీ అమ్మని, అదే మీ నానాయ్‌ని, పనిమనిషిగా రాయించండి. దానికి ఓనరు సంతకం అక్కర్లేదు, మధ్యాహ్నానికల్లా కార్డొస్తుంది. అందరూ చేసేదే. కాయితం మీదే కదా."

కన్నతల్లిని పనిమనిషిగా రాయించడమా అని రోసెల్ తటపటాయించిన మాట నిజం. ఒక కప్పు కాఫీ తాగినంతసేపు తటపటాయించింది. తర్వాత కాయితం మీదే కదా అని తనకి తనే చెప్పుకుని సంతకం పెట్టేసింది.

సియోన్ బస్సు దిగి అరటిగెలతో, ఊరి బిస్కెట్ల డబ్బాలతో వచ్చింది. కార్డు చూసుకుని, నీది నీలం నాది పసుపు ఏమిటే అని అడిగింది. ఆ ప్రశ్నకి రోసెల్ సిద్ధంగా లేదు. నోటికొచ్చింది అనేసింది.

"సీనియర్ సిటిజన్లకి పసుపు, నానాయ్. అరవై దాటినవాళ్ళకి."

ఆ దేశంలో అరవై దాటినవాళ్ళకి మందుల షాపులో వరస లేదు, హోటల్లో రాయితీ ఉంది, సినిమాకి టికెట్టు లేదు. కాబట్టి సియోన్ నమ్మింది. నమ్మడమే కాదు, మురిసిపోయింది. ముసలివాళ్ళకి వేరే లిఫ్టు కూడా పెట్టారంటే ఎంత మర్యాదగల మేడో అని ఊళ్ళో చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పింది. పక్కగదిలో ఆ మాటలు వింటూ రోసెల్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఒక అబద్ధం పది అబద్ధాలు పెడుతుంది. వెనక గేటు దగ్గర గార్డు సంచిలో కర్ర పెట్టి కెలుకుతున్నాడేంటే అంటే, అది అందరి భద్రత కోసం అంది. బియాతో ఈతకొలనులో దిగబోతే వద్దన్నారేంటే అంటే, బీపీ ఉన్నవాళ్ళకి ఆ నీళ్ళు పడవట అంది. ఊరికి పంపుదామని పాత దుప్పటి ఒకటి బయటికి పట్టుకుపోతుంటే ఇంటావిడ సంతకం తెమ్మన్నారేంటే అంటే, కొత్త రూలు నానాయ్, అందరికీనట అంది. తల్లి ప్రతిసారీ ఊఁ అని ఊరుకునేది. ఆ ఊఁ ఏ రకం ఊఁయో రోసెల్ ఆలోచించలేదు.

కొన్నాళ్ళకి తల్లి అడగడం కూడా మానేసింది. ఇంట్లో గొడవ లేదు, ఆఫీసుకి ఆలస్యం లేదు, రోసెల్‌కి నిశ్చింతగా ఉంది. వంటగది పక్కన కిటికీ లేని చిన్నగది ఒకటుంది, పనిమనిషి కోసమే కట్టింది, తల్లి అందులో పడుకునేది. బియా తనతో పడుకుంటుంది, ఇంకో గది లేదు, ఏం చేస్తాం అని రోసెల్ అనుకునేది. తెల్లారకముందే లేచి సియోన్ అన్నం వండేది. పిల్లకి జడేసి బడి బస్సెక్కించేది, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. మొదట్లో రోసెల్, నేను కడుగుతా ఉండు నానాయ్ అని కంచం పట్టుకునేది. తర్వాత కంచం సింకులో పెట్టి వెళ్ళేది. ఆ తర్వాత కంచం బల్ల మీదే వదిలి లేచిపోయేది. ఇది ఎప్పుడు మారిందని అడిగితే ఆమె ప్రమాణం చేసి మరీ మారలేదంటుంది. మనుషులం మనకి అనుకూలమైన మార్పుని ఎప్పుడు కనిపెట్టాం గనక.

సియోన్‌కి మాత్రం వెనక లిఫ్టులో కొత్త లోకం దొరికింది. ఏ అంతస్తులో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరింట్లో పనివాళ్ళకి గుడ్డు పెట్టరో, సాయంత్రం అన్నం దగ్గర కథలు కథలుగా చెప్పేది. ముప్పై ఎనిమిదిలో మిసెస్ లిమ్ అని ఒక ముసలావిడ ఉందట, సొంత ఇల్లట, ఒక్కతే ఉంటుందట. వంట మనుషులు ఆవిడ నోటికి జడిసి ఒకరి తర్వాత ఒకరు పారిపోయారట. రోసెల్ ఫోను చూసుకుంటూ వినేది, అంటే వినేది కాదు.

ఆ శనివారం రోసెల్ పైఅధికారి మిసెస్ ఒలివారెస్, ఇంకో ఇద్దరు సహోద్యోగినులు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. డిపార్టుమెంటులో పెద్ద కుర్చీ ఒకటి ఖాళీ అవుతోంది. ఇల్లు చూపించి, భోజనం పెట్టి, నేనూ మీలాంటిదాన్నే అనిపించాలని రోసెల్ ఆశ. వంటకి తక్కువైన సరుకుల కోసం సియోన్ బజారుకు వెళ్ళింది. ఇంతలో ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. మకాటీలో వానంటే తెలిసిందే, పావుగంటలో వెనక సందు కాలువైపోయింది.

అతిథులకి ఎదురువెళ్ళడానికి రోసెల్ కిందికి దిగింది. ముగ్గురూ కారు దిగి గొడుగులు దులుపుకుంటూ లాబీ ఎంత బాగుందో అంటున్నారు. రిసెప్షను బల్ల వెనక అడ్మిన్ మేనేజరు నిలబడి ఉన్నాడు. అదే సమయానికి రెండు చేతుల్లో రెండు సంచులతో, నిలువునా తడిసిన సియోన్ ముందు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చెప్పుల్లోంచి బురదనీళ్ళు పాలరాయి మీద కారాయి.

కొత్త గార్డు పరుగున అడ్డం వచ్చాడు. "మనాంగ్, ఇటు కాదు పెద్దమ్మా. పసుపు కార్డులు వెనక నుంచి."

"వెనక మోకాళ్ళ దాకా నీళ్ళున్నాయి బాబూ. సంచులు మోసుకుని ఎలా రాను? అదిగో, ముప్పై ఒకటిలో ఉండేది ఆవిడే. అడుగు."

గార్డు తిరిగాడు. మిసెస్ ఒలివారెస్ తిరిగింది. మేనేజరు తలెత్తాడు. "మేడమ్, ఈవిడ మీ పనిమనిషేనా?" అని గార్డు మర్యాదగానే అడిగాడు.

కాదంటే మేనేజరు ముందు కార్డు అబద్ధం బయటపడుతుంది, ఇల్లు పోతుంది. కాదంటే, ఈ బురద చెప్పుల మనిషి మీ అమ్మా అని మిసెస్ ఒలివారెస్ చూస్తుంది. ఈ రెండిట్లో ఏది ముందు తట్టిందో తర్వాత ఎన్నిసార్లు తనని తాను నిలదీసుకున్నా రోసెల్ తేల్చుకోలేకపోయింది. ఆలోచన పూర్తయ్యేలోపే నోరు పని కానిచ్చేసింది.

"అవును" అంది.

అన్నాక తన గొంతు తనకే వినిపించి నిలువునా నీరైపోయింది. అది తను అన్న మాటేనా? నిజంగా అన్నానా? తల్లి ముఖంలోకి చూసింది. సియోన్ ముఖంలో కోపం లేదు. హోటల్లో ఎవడైనా తోసుకొస్తే గరిటె ఆపి చూసేదే, ఆ చూపు చూసింది. రోసెల్ ఆ చూపుని చిన్నప్పటినుంచీ పరాయివాళ్ళ మీదే చూసింది, తన మీద ఎప్పుడూ పడలేదు.

"సరే మేడమ్. వెనక నుంచే వస్తాను" అని సియోన్ సంచులు మళ్ళీ ఎత్తుకుని వానలోకి వెళ్ళిపోయింది.

కన్నతల్లి నోట మేడమ్ అన్న పిలుపు. రోసెల్ లిఫ్టు ఎలా ఎక్కిందో, అతిథులకి ఇల్లు ఏం చూపించిందో ఆమెకే గుర్తులేదు. బాల్కనీలోంచి దూరంగా సరస్సు కనిపిస్తుందని చెప్పాల్సింది, అసలు తెర తీయడమే మర్చిపోయింది.

తల్లి తడి బట్టలు మార్చుకుని, వంట ముగించి, వడ్డించడానికి వచ్చింది. కూర్చో నానాయ్ అనాలి. కంచాల పక్కన చెంచాలు సర్దింది. వేరుశనగ పులుసులో ఉడికిన తోక మాంసం, రొయ్యల ముద్ద, నూడిల్సు, ఒక్కొక్కటీ పెట్టి ఆమె వంటగది గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. మిసెస్ ఒలివారెస్ లొట్టలేసుకుంటూ తింది. ఇంత చేయి ఏ ఏజెన్సీలో దొరికిందో మాకూ చెప్పు, దాచుకోకు అంది. రోసెల్ నవ్వబోయింది. నవ్వు రాక నీళ్ళ గ్లాసు అందుకుంది.

అప్పుడే పక్కింటి పిల్ల పుట్టినరోజు నుంచి బియా పరుగెత్తుకొచ్చింది. లోలా, లోలా అంటూ అమ్మమ్మ నడుం వాటేసుకుంది. రోసెల్ చేతిలో గ్లాసు కింద పెట్టింది. అయిపోయింది, ఇప్పుడు అన్నీ బయటపడతాయి. ఒక రకంగా పడితే బాగుండుననీ అనుకుంది.

"ఎంత ముచ్చటగా ఉందో" అంది మిసెస్ ఒలివారెస్. "పనివాళ్ళని కూడా అమ్మమ్మా అని పిలవడం నేర్పావు చూడు. ఈ రోజుల్లో పిల్లలకి ఇలాంటివి ఎవరు నేర్పుతున్నారు?"

మిగతా ఇద్దరూ అవునన్నారు. సియోన్ మనవరాలి తల నిమిరి, "చేతులు కడుక్కో పాపా, మేడమ్‌తో కలిసి తిందువు" అని లోపలికి తీసుకెళ్ళింది.

అతిథులు కదిలేసరికి సాయంత్రమైంది. తలుపు వేసీవేయగానే రోసెల్ వంటగదిలోకి పరుగెత్తింది. తల్లి గిన్నెలు తోముతోంది. మేనేజరు అక్కడే ఉన్నాడు నానాయ్, ఇల్లు ఖాళీ చేయించేవాడు నానాయ్, ఓనరు కెనడాలో ఉన్నాడు, బ్రోకరు చెప్పాడు అని, ఏది ముందో ఏది వెనకో లేకుండా ఏడుస్తూ అంతా చెప్పేసింది. పసుపు కార్డు సంగతి కూడా చెప్పింది. తల్లి కొళాయి కట్టేసింది.

"తెలుసు" అంది.

"ఎప్పట్నించి?"

"వచ్చిన కొత్తలోనే. ఇరవయ్యారులో పనిచేసే పిల్ల లిఫ్టులో అడిగింది, మీ మేడమ్ జీతం టైముకిస్తుందా అని. సీనియర్లకి వేరే లిఫ్టు అని నేను గొప్పలు పోతుంటే ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు పాపం."

ఇన్నాళ్ళూ తెలిసే ఆ లిఫ్టెక్కిందా, తెలిసే సంచి విప్పి చూపించిందా? "మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశా. ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అని."

"అది కాయితం మీదే నానాయ్. ఒట్టు. కాయితం మీద తప్ప నేనెప్పుడూ..."

"కాయితం గురించి నాకేం బాధ లేదే" అంది సియోన్. చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు. "నేనొచ్చాక నువ్వు కడిగిన కంచం ఒక్కటుంటే చెప్పు. నువ్వు లేచాక నేను లేచిన రోజు ఒక్కటుంటే చెప్పు. నా మోకాలెలా ఉందని ఆఖరికెప్పుడు అడిగావు? నువ్వు అబద్ధం రాయించానని ఏడుస్తున్నావు. అందులో అబద్ధమేముందా అని నేను రోజూ వెతుక్కుంటున్నా."

రోసెల్‌కి కళ్ళ ముందు బల్ల మీద వదిలేసిన కంచాలన్నీ కదిలాయి. తల్లి దీపం ఆపి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న సియోన్ మంచి గౌను వేసుకుని, జుట్టు దువ్వుకుని బయల్దేరింది. "పనివాళ్ళకి ఆదివారం సెలవు" అంది. వెటకారంగా కూడా అనలేదు. చర్చికి వెళ్తోంది కదా, ప్రార్థన చేసుకుంటే మనసు చల్లబడుతుందని రోసెల్ ఆశపడింది. ఆ రోజంతా ఇల్లు ఊడ్చింది, కంచాలన్నీ కడిగింది, తనకి రాకపోయినా గంజి కాచింది. తన మంచం తల్లికిచ్చి చిన్నగదిలోకి తను మారదామని పక్కలు కూడా మార్చింది. సాయంత్రం సియోన్ వచ్చి, మార్చిన పక్కలు చూసి, బియా పక్కన పడుకుంది. హమ్మయ్య అనుకుంది రోసెల్. గండం గడిచిందనుకుంది.

సోమవారం పొద్దున్న లేచేసరికి అన్నం వండి ఉంది, పిల్లకి జడేసి ఉంది, గుమ్మం దగ్గర తల్లి పెట్టె కట్టి ఉంది.

"ఊరికెళ్తున్నావా? నానాయ్, వద్దు. నీకు దండం పెడతాను."

"ఊరికెందుకు? ముప్పై ఎనిమిదికి. మిసెస్ లిమ్‌కి వంట మనిషి కావాలి. నిన్న మాట్లాడొచ్చా."

రోసెల్ పరాచికమేమో అని తల్లి ముఖంలో వెతికింది. లేదు. "నువ్వు... పరాయింట్లో... పనికా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏ నలుగురు? మొన్న మనింట్లో తిన్న ముగ్గురా? వాళ్ళకి నేను పనిమనిషినేగా. మంచి చోట చేరిందనుకుంటారు." సియోన్ మెడలో కార్డు చూపించింది. "అడ్మిన్ ఆఫీసులో గది నంబరొక్కటే మార్చారు. అక్కడ నాకు కిటికీ ఉన్న గది. ఆదివారం సెలవు. చేసిన పనికి ఇది నీ పని అని పేరుంది. నువ్వు బియా బడి సంగతి చూసుకో, ఏడున్నరకి బస్సు."

పెట్టె పట్టుకుని వెనక లిఫ్టు వైపే వెళ్ళింది. రోసెల్ చెప్పులు కూడా లేకుండా వెంటపడింది. బతిమాలింది, చేయి పట్టుకుంది. లిఫ్టులో చెత్తబుట్టలతో ఉన్న ఇద్దరు పనిపిల్లలు సియోన్‌కి చోటిచ్చి, నీలం కార్డు మేడమ్ ఇక్కడ ఏడుస్తోందేమిటా అన్నట్టు గుడ్లప్పగించి చూశారు. తలుపు మూసుకుంది.

ఓడ మీద ఆర్విన్ ఈ సంగతి విని ముందు నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి, మీ అమ్మని పనిమనిషిగా రాయించిన సంగతి నాకెందుకు చెప్పలేదు అని అడిగాడు. అతనికీ చెప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది రోసెల్‌కి. ఆ మూడు రోజులూ అడ్డాదిడ్డంగా గడిచాయి. బియా లోలా ఏదని అడిగితే పైన ఉందని చెప్పేది. ఏడంతస్తుల పైన కన్నతల్లి ఉంది, ఎవరికో వండుతోంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చేస్తున్న పని చేతిలోంచి జారిపోయేది.

గురువారం సాయంత్రం ఇంటర్‌కమ్ మోగింది. మిసెస్ లిమ్. ఒకసారి పైకి రాగలవా, నీ దగ్గర మానేసిన మనిషి గురించి మాట్లాడాలి అంది. పాత యజమానిని అడగకుండా ఎవరూ మనిషిని పెట్టుకోరు, పెట్టుకున్నా నిలుపుకోరు. రోసెల్ లిఫ్టులోనే నిశ్చయించుకుంది. ఇల్లు పోతే పోయింది, నిజం చెప్పేస్తాను, అమ్మని చేయి పట్టుకుని తెచ్చుకుంటాను.

మిసెస్ లిమ్ ఎముకల పోగులా ఉంది, గొంతు మాత్రం కంచుగంట. కుర్చీ చూపించి, మంచీ మర్యాదా లేకుండా విషయంలోకి దిగింది. చేతివాటమా? నోటి దురుసా? జబ్బేమైనా ఉందా? లేకపోతే ఇంత వంట వచ్చిన మనిషిని ఎవరు వదులుకుంటారు? అన్నిటికీ రోసెల్ కాదు కాదు అని తల అడ్డంగా ఊపింది.

"మరి నీ దగ్గర ఎన్నాళ్ళు చేసింది?"

"నేను పుట్టినప్పట్నించి" అంది రోసెల్. "ఆమె మా అమ్మండీ."

మిసెస్ లిమ్ ముఖం మెత్తబడింది. తల ఆడించింది. "అవును మరి. అలాంటివాళ్ళు అమ్మలే. నన్ను పెంచిన ఆమె పోయినప్పుడు నేనూ ఇదే మాట అన్నాను. మా ఇంట్లో మనిషేనమ్మా, అమ్మ లాంటిదే అని. అందరం అంటాం."

"లాంటిది కాదు. అందరూ అనే మాట కాదు. నన్ను కన్నతల్లి. నేను... నేను ఆమెని కార్డు కోసం పనిమనిషిగా రాయించాను."

మిసెస్ లిమ్ కళ్ళద్దాలు తీసి రోసెల్‌ని పైనుంచి కింది దాకా చూసింది. ఇలాంటి మాట ఆవిడ జన్మలో విని ఉండదు. వంటగది వైపు తిరిగి కేకేసింది. "సియోన్! ఈ అమ్మాయేదో అంటోంది. నువ్వు కన్న కూతురట. నిజమేనా?"

సియోన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. రోసెల్ లేచి నిలబడింది. అను నానాయ్, ఒక్క మాట, అవునను. తల్లి ఆమె ముఖంలోకి చూసింది, చాలాసేపే చూసింది.

"కాదండీ" అంది. "మేడమ్ మనసు మంచిది, అందుకని అలా అంటోంది. వాళ్ళింట్లో పని చేశాను. అంతే."

రోసెల్‌కి ఆ రోజు లాబీలోంచి వానలోకి తిరిగి వెళ్ళిన మనిషికి ఎలా ఉండిందో, అంతవరకూ ఊహించుకుని ఏడ్చిందంతా ఉత్తదని ఇప్పుడు తెలిసింది. ఊహకి అందే నొప్పి కాదది.

మేడమ్‌ని తలుపు దాకా దిగబెట్టమని మిసెస్ లిమ్ చెప్పింది. నడవాలోకి వచ్చాక సియోన్ తలుపు ఓరగా వేసింది. కూతురి చొక్కా కాలరు మడత పడి ఉంటే సరిచేసింది.

"తిన్నావా?"

రోసెల్ తల అడ్డంగా ఊపింది.

"ఆదివారం నాకు సెలవు. బియాని చూడ్డానికొస్తా. వెనక గేటులోంచి బయటికెళ్ళి, చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికొస్తా. ఎవరు మీరు, ఎవరి కోసం అని గార్డు ఆపుతాడు. మేనేజరు కూడా ఉంటాడు. నువ్వు కిందికొచ్చి చెప్పు."

"ఏమని చెప్పను నానాయ్?"

"అది నన్నడుగుతావేంటే. ఆదివారం దాకా టైముందిగా, ఆలోచించుకో."

లోపల్నుంచి మిసెస్ లిమ్ టీ ఏదని కేకేసింది. "తెస్తున్నానండీ" అంటూ సియోన్ లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.